పెద్ద సైంటిస్టు అన్నాడు, పెద్ద కవి అన్నాడు అంటే రాజకీయాల్లో ఆ మాటకి ఎంత విలువ ఇవ్వాలి?

వేపచెట్టు నీడ
నమస్తే అందరికీ. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. ఈమధ్య రాజకీయాల మీద ఏ వాదన చూసినా మధ్యలో ఎవరో ఒకరు ఐన్‌స్టీన్ ఫొటోనో టాగోర్ ఫొటోనో పెట్టి కింద రెండు లైన్లు రాసేస్తున్నారు, ఇంక దాంతో ఎదుటివాడి నోరు మూతపడాలి అన్నట్టు. పోయిన నెల నేనూ అదే పని చేశాను. మా పిన్ని కొడుకుతో ప్రభుత్వాల గురించి వాదన పడి, ఐన్‌స్టీన్ పేరు మీద తిరుగుతున్న ఒక మాట పంపించాను. వాడు ఒక్కటే అడిగాడు, "అన్నయ్యా, ఇది ఆయన ఎక్కడ రాశాడు?" అని. రెండు రాత్రులు కూర్చుని వెతికాను. దొరకలేదు. వాడికి ఇంకా జవాబు ఇవ్వలేదు.

వెతుకుతుంటే ఇంకో ప్రశ్న పట్టుకుంది. సరే, ఆ మాట ఆయనదే అనుకుందాం, అయితే ఏంటి? కాలం, వెలుగు, గురుత్వాకర్షణ గురించి ఆయనకి తెలిసినంత ఇంకెవరికీ తెలియకపోవచ్చు, కానీ ఒక దేశాన్ని ఎలా నడపాలో కూడా ఆయనకే ఎక్కువ తెలుసని మనం ఎందుకు అనుకుంటున్నాం? అలాగని కవులు, పెయింటర్లు, సైంటిస్టులు రాజకీయాల జోలికి పోకుండా ఊరుకోవాలి అంటే అదీ మనసొప్పడం లేదు. ఇక్కడ చదివినవాళ్ళు చాలామంది ఉన్నారు, మీరు ఏమంటారు?

లెక్కల మాస్టారు
మంచి ప్రశ్న వేశారు. నా జవాబు సూటిగా చెప్తా, నోబెల్ బహుమతికీ రాజకీయ వివేకానికీ ఏ సంబంధమూ లేదు. ఫిలిప్ లెనార్డ్ పేరు వినే ఉంటారు, 1905లో ఫిజిక్స్ నోబెల్. జోహన్నెస్ స్టార్క్, 1919లో ఫిజిక్స్ నోబెల్. ఇద్దరూ మామూలు సైంటిస్టులు కాదు. లోహం మీద వెలుగు పడితే ఎలక్ట్రాన్లు ఎలా బయటికొస్తాయో లెనార్డ్ ప్రయోగాలు చేసి చూపించాడు, అదెందుకలా జరుగుతుందో 1905లో ఐన్‌స్టీన్ వివరించాడు, ఆ వివరణకే ఐన్‌స్టీన్‌కి తర్వాత నోబెల్ వచ్చింది. అంటే ఒకే విషయం మీద ఇద్దరూ పనిచేశారు. అలాంటి లెనార్డ్ ఏం చేశాడు? 1924లోనే, అంటే హిట్లర్ ఇంకా జైల్లో ఉన్నప్పుడే, స్టార్క్‌తో కలిసి హిట్లర్‌ని పొగుడుతూ రాశాడు. తర్వాత ఇద్దరూ కలిసి "జర్మన్ ఫిజిక్స్" అని ఒకటి తయారుచేసి ఐన్‌స్టీన్ రిలేటివిటీ సిద్ధాంతాన్ని యూదుల మోసం అన్నారు. 1937లో హైసెన్‌బర్గ్ అనే జర్మన్ ఫిజిక్స్ సైంటిస్టు ఐన్‌స్టీన్ సిద్ధాంతాలు చెప్తున్నాడని ఆయన్ని "తెల్ల యూదుడు" (అంటే యూదుడు కాకపోయినా యూదుల్లా ఆలోచించేవాడు) అని హిట్లర్ ఎస్‌ఎస్ దళం పత్రికలో తిట్టించారు, దాని వెనకున్నది స్టార్కే.

నేను పిల్లలకి ఫొటోఎలక్ట్రిక్ ఎఫెక్ట్ పాఠం చెప్పిన ప్రతిసారీ లెనార్డ్ పేరు దగ్గర ఒక్క క్షణం ఆగుతాను. ఆయన ప్రయోగం నిజం. ఆయన రాజకీయం విషం. రెండూ ఒకే బుర్రలో ఉన్నాయి.

పాత అట్ట పుస్తకం
మాస్టారూ, మీరు చెప్పింది కాదనను, కానీ రెండో వైపు కూడా చూడండి. 1898 జనవరి 13న ఫ్రెంచ్ రచయిత ఎమిల్ జోలా పారిస్ పత్రిక మొదటి పేజీలో దేశాధ్యక్షుడికి బహిరంగ లేఖ రాశాడు. డ్రేఫస్ అనే యూదు సైనికాధికారిని దొంగ సాక్ష్యాలతో దేశద్రోహిని చేసి దీవికి పంపేశారు, అసలు దోషిని సైన్యమే కాపాడుతోంది అని పేర్లు పెట్టి మరీ రాశాడు. పరువునష్టం కేసు పెడతారని తెలుసు, పెట్టండి అని ఆ లేఖలోనే రాశాడు. పెట్టారు, శిక్ష వేశారు, ఇంగ్లండుకి పారిపోవాల్సి వచ్చింది. 1906లో డ్రేఫస్ నిర్దోషి అని తేల్చేనాటికి జోలా చనిపోయి నాలుగేళ్ళయింది.

ఆయన నవలలు రాసేవాడు, లాయరు కాదు, సైనికుడూ కాదు. అయినా ఆ లేఖ పనిచేసింది. ఎందుకు పనిచేసింది అన్నది చూడాలి. అది ఒక అభిప్రాయం కాదు. ఫలానా అధికారి ఫలానా పని చేశాడు అని వివరాలు. ఆయన పేరు వల్ల జనం ఆ పేజీ తెరిచారు, అక్కడ ఉన్న వివరాల వల్ల నమ్మారు. ఈ రెండూ వేరు వేరు సంగతులు అని నాకనిపిస్తుంది.

రంగుల డబ్బా
నేను బొమ్మలు వేస్తాను, కాబట్టి నాకు తెలిసిన దాని గురించే మాట్లాడతా. గెర్నికా, పికాసో వేసిన బొమ్మ. 1937 ఏప్రిల్ 26, సోమవారం, సంత రోజు, స్పెయిన్‌లోని ఆ చిన్న ఊరి మీద జర్మన్, ఇటాలియన్ విమానాలు బాంబులు వేశాయి. పికాసో అప్పటికే పారిస్ ఎగ్జిబిషన్‌కి స్పెయిన్ ప్రభుత్వం తరఫున ఒక పెద్ద బొమ్మ వెయ్యాలి, ఏం వెయ్యాలో తేలక నెలలుగా ఆగిపోయి ఉన్నాడు. వార్త చదివాక మే 1న మొదటి స్కెచ్ వేశాడు. జూన్ మొదట్లో అయిపోయింది. దాదాపు మూడున్నర మీటర్ల ఎత్తు, ఏడు మీటర్ల డెబ్బై ఐదు సెంటీమీటర్లకి పైగా వెడల్పు, అంత పెద్ద కాన్వాసు ఐదారు వారాల్లో!

అందులో విమానం లేదు, బాంబు లేదు, జెండా లేదు, హిట్లర్ లేడు, స్పెయిన్ ప్రభుత్వం మీద తిరగబడ్డ జనరల్ ఫ్రాంకో లేడు. చచ్చిపోయిన బిడ్డని ఒళ్ళో పెట్టుకుని తల పైకెత్తి అరుస్తున్న తల్లి ఉంది, ఆ నాలుక చూడండి, మేకులా సూదిగా ఉంటుంది. రంగులు లేవు, నలుపు తెలుపు బూడిద అంతే, పేపర్లో ఫొటో చూసినట్టు. ఆయన నోటితో చెప్పిన ఏ రాజకీయం నాకు గుర్తులేదు, ఆ నాలుక మాత్రం మర్చిపోలేను.

మాస్టారి మాటకి దగ్గరగా ఇంకోటి చెప్పాలి. అదే పికాసో 1944లో ఫ్రెంచ్ కమ్యూనిస్టు పార్టీలో చేరాడు. 1953లో స్టాలిన్ పోయినప్పుడు పార్టీ పత్రికకి స్టాలిన్ బొమ్మ వేసిస్తే, కుర్రాడిలా ఉంది, నాయకుడిలా లేదు అని పార్టీ వాళ్ళే దుమ్మెత్తిపోశారు. స్టాలిన్ ఏం చేశాడో లోకానికి తెలిసిపోయాక కూడా ఆయన పార్టీ వదల్లేదు. గెర్నికా వేసిన చెయ్యే కదా అది. నాకు బాధగానే ఉంటుంది.

వేపచెట్టు నీడ
రంగుల డబ్బా గారూ, ఆ నాలుక సంగతి చదివి వెంటనే బొమ్మ తెరిచి చూశాను. ఇన్నేళ్ళలో చాలాసార్లు చూసినా అది గమనించలేదు, థాంక్స్. ఈ బొమ్మ నకలు ఒకటి ఐక్యరాజ్యసమితి భద్రతామండలి గది బయట ఉండేది కదా, తివాచీలా నేసింది. 2003 ఫిబ్రవరిలో ఇరాక్ మీద యుద్ధం గురించి అక్కడ మాట్లాడుతున్న రోజుల్లో దాని ముందు నీలం తెర కట్టేశారు. బొమ్మకి 66 ఏళ్ళయినా దాని ముందు నిలబడి యుద్ధం గురించి మాట్లాడ్డం ఇబ్బందే అయింది.

ఫాక్ట్ చెక్
ఐన్‌స్టీన్ గురించి మొదలుపెట్టారు కాబట్టి ఆయన నిజంగా చేసినవి కొన్ని చెప్తా. 1952 నవంబర్‌లో ఇజ్రాయెల్ మొదటి అధ్యక్షుడు చనిపోయాక ఆ పదవి తీసుకోమని ఐన్‌స్టీన్‌ని అడిగారు. ఆయన వద్దన్నాడు. కారణం కూడా రాశాడు, జీవితమంతా వస్తువుల గురించిన విషయాలతోనే గడిపాను, మనుషులతో సరిగ్గా వ్యవహరించే సహజ నేర్పు గానీ అనుభవం గానీ నాకు లేవు అని. మీరు అడిగిన ప్రశ్నకి ఆయనే జవాబు ఇచ్చేశాడు కదా!

కానీ అదే మనిషి 1955 ఏప్రిల్‌లో, చనిపోవడానికి వారం ముందు, అణ్వాయుధాలు వద్దంటూ బ్రిటిష్ తత్వవేత్త బెర్ట్రాండ్ రసెల్ రాసిన ప్రకటన మీద సంతకం పెట్టాడు. రసెల్ రోమ్ నుంచి పారిస్‌కి విమానంలో వస్తుంటే ఐన్‌స్టీన్ చనిపోయాడని పైలట్ ప్రకటించాడట. ఆయన సంతకం లేకపోతే ఈ ప్రకటన ఎవరు పట్టించుకుంటారు అని కుంగిపోయి హోటల్‌కి వెళ్తే, అక్కడ ఐన్‌స్టీన్ ఉత్తరం ఎదురుచూస్తోంది, సంతకంతో సహా. జూలై 9న లండన్‌లో దాన్ని బయటపెట్టారు.

అధ్యక్ష పదవి వద్దన్న మనిషి దీనికి ఎందుకు సరే అన్నాడు? అణుబాంబు ఆయనకి బాగా తెలిసిన విషయం. 1939లో బాంబు సంగతి రూజ్‌వెల్ట్‌కి చెప్పిన ఉత్తరం మీద ఉన్నదీ ఆయన సంతకమే. ఎక్కడ నోరు తెరవాలో ఎక్కడ తెరవకూడదో ఆయనకి ఒక లెక్క ఉంది అని నేననుకుంటా.

రాత్రి డ్యూటీ
ఫాక్ట్ చెక్ బ్రో చెప్పిన లెక్కకి నా దగ్గర ఇంకా గట్టి ఉదాహరణ ఉంది. నేను మెషిన్ల దగ్గర పనిచేసేవాడిని, అందుకే ఫిజిక్స్ నోబెల్ వచ్చిన ఫైన్‌మన్ అంటే నాకు ప్రాణం. 1986 జనవరి 28న అమెరికా స్పేస్ షటిల్ చాలెంజర్ పేలిపోయి ఏడుగురు చనిపోయారు. విచారణ కమిషన్‌లో ఫైన్‌మన్ ఉన్నాడు. ఫిబ్రవరి 11న టీవీ కెమెరాల ముందు అందరూ పెద్ద పెద్ద మాటలు మాట్లాడుతుంటే ఆయన రాకెట్ అతుకుల్ని సీలు చేసే ఓ-రింగ్ రబ్బరు ముక్కని చిన్న క్లాంపులో బిగించి, ఐసు నీళ్ళ గ్లాసులో ముంచి, కాసేపాగి తీసి క్లాంపు వదిలాడు. రబ్బరు వెంటనే తన ఆకారానికి రాలేదు. చలికి ఆ రబ్బరు సాగదు, సీలు పట్టదు. అంతే. లాంచ్ రోజు పొద్దున చలి గడ్డ కట్టే దగ్గర్లో ఉంది. ఆయన రిపోర్టు చివర రాసిందాంట్లో ఒక లెక్క ఉంటుంది, ప్రమాదం జరిగే అవకాశం లక్షలో ఒకటి అని మేనేజ్‌మెంట్ అంటోంది, పనిచేసే ఇంజనీర్లు వందలో ఒకటి అంటున్నారు, ఈ తేడా ఎక్కడినుంచి వచ్చింది అని నిలదీశాడు.

ఇది రాజకీయమా కాదా? నా దృష్టిలో పూర్తిగా రాజకీయమే. ప్రభుత్వ సంస్థ ఒకటి తన గొప్ప కోసం జనానికి, తనకి తానే అబద్ధం చెప్పుకుంటుంటే ఒక మనిషి గ్లాసు నీళ్ళతో దాన్ని బయటపెట్టాడు. ఏ పార్టీ పేరూ ఎత్తలేదు.

అయితే ఇంకోటి కూడా చెప్పాలి, ఇది చెప్పకపోతే అన్యాయం. ముందు రోజు రాత్రే ఈ చలిలో వదలొద్దు అని రాకెట్ బూస్టర్లు చేసే కంపెనీ ఇంజనీర్లు మొత్తుకున్నారు, రోజర్ బోయిజోలీ అందులో ఒకడు. వాళ్ళ మాట వినలేదు. చలికీ ఓ-రింగులకీ సంబంధం ఉందన్న కాగితం వ్యోమగామి శాలీ రైడ్ గుట్టుగా కమిషన్‌లోని జనరల్‌కి ఇచ్చింది, ఆయన ఫైన్‌మన్‌కి తోచేలా చేశాడు, ఆమె పేరు ఆమె చనిపోయాకే బయటకొచ్చింది. అంటే తెలిసినవాళ్ళు లోపల ఉన్నారు, వాళ్ళ మాట బయటికి రావడానికి ఒక ఫైన్‌మన్ కావాల్సి వచ్చింది. మా పనిలో నేను ఇది కళ్ళారా చూశా, ఒకచోట మేం పదిసార్లు రాసిచ్చిన మాట ఎవరూ వినలేదు, బయటినుంచి పేరున్న కన్సల్టెంట్ వచ్చి అదే మాట చెప్తే మర్నాడే మార్చారు. పేరుకి విలువ ఉంది అంటే అక్కడే ఉంది, పేరు లేనివాడి మాటని మోసుకెళ్ళడంలో.

లెక్కల మాస్టారు
> పేరు లేనివాడి మాటని మోసుకెళ్ళడంలో
ఈ మాట నాకు బాగా పట్టుకుంది. నేను మొదట ఏ సంబంధమూ లేదు అన్నాను, అది కొంచెం తొందరపడి అన్నట్టున్నా.

బొగ్గు గీత
అందరూ యూరప్ అమెరికాలోనే తిరుగుతున్నారు, మన దగ్గరికి కూడా రండి. దాశరథి కృష్ణమాచార్య గారిని నిజాం ప్రభుత్వం నిజామాబాద్ జైల్లో పెట్టింది, పక్కన వట్టికోట ఆళ్వారుస్వామి గారు ఉన్నారు. కాగితం లేదు, కలం లేదు. పళ్ళు తోముకోవడానికి ఇచ్చే బొగ్గు ఉంది. ఆ బొగ్గుతో గోడ మీద నిజాంకి వ్యతిరేకంగా పద్యం రాశారు. జైలు వాళ్ళు తుడిచేస్తే మళ్ళీ రాశారు. నా పేరు అక్కడినుంచి పెట్టుకున్నదే. ఒక్కసారి ఊహించుకోండి, పళ్ళపొడి బొగ్గు ఎంత ఉంటుంది, వేలి మీద పట్టేంత, దాంతో గోడ మీద ఎన్ని అక్షరాలు వస్తాయి! అక్కడ రాసేటప్పుడు లైకులు లేవు, చదివేవాళ్ళు తోటి ఖైదీలు మాత్రమే.

ఇంకా వెనక్కి వెళ్తే గరిమెళ్ళ సత్యనారాయణ గారు. తెల్లదొరతనం మాకొద్దు అని ఒక్క పాట రాసినందుకు ఏడాది కఠిన శిక్ష, బయటికొచ్చి మళ్ళీ పాడితే మళ్ళీ జైలు. ఆ పాట ఊరూరా పాడారు. స్వాతంత్ర్యం వచ్చాక ఆయన ఎలా బతికారో తెలుసా? మద్రాసులో తిండికి కూడా ఇబ్బంది పడి 1952లో పోయారు. ఆ పాటని మీటింగుల్లో వాడుకున్నవాళ్ళు ఆయన్ని మర్చిపోయారు. ఇప్పుడు ఫొటో పక్కన లైన్లు పెట్టుకునే మనం కూడా అదే చేస్తున్నామేమో ఆలోచించండి, మాట తీసుకుంటున్నాం, మనిషి పడ్డది వదిలేస్తున్నాం.

కిటికీ పక్క సీటు
బొగ్గు గీత అక్కా చాలా బాగా చెప్పారు. (అక్క అనొచ్చు కదా?) నేను అడిగేది ఒకటే. జైలుకి వెళ్ళడం, బాధ పడటం ఒక్కటే కొలత అయితే తప్పు వైపు నిలబడి బాధపడ్డవాళ్ళు కూడా ఉన్నారు కదా. నార్వే రచయిత క్నూట్ హామ్సన్, 1920 నోబెల్. హిట్లర్ సైన్యం తన దేశాన్నే ఆక్రమిస్తే వాళ్ళ పక్షాన నిలబడ్డాడు, 1943లో తన నోబెల్ మెడల్‌ని హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్‌కి ఇచ్చేశాడు, 1945 మేలో హిట్లర్ చనిపోతే పొగుడుతూ సంతాపం రాశాడు. అప్పటికి జర్మనీ ఓడిపోయింది, అలా రాయడం వల్ల ఒక్క లాభం కూడా లేదు. యుద్ధం తర్వాత ఆస్తంతా పోయేంత జరిమానా పడింది. ధైర్యం ఉంది, నష్టపోయాడు కూడా. అయినా ఆ మాట తప్పే.

బొగ్గు గీత
అక్క అనొచ్చు తమ్ముడూ. నువ్వు అడిగింది న్యాయమైన ప్రశ్న. నష్టపోయాడు కాబట్టి మాట నిజం అని నేను అనను. ఒకటి గమనించు, దాశరథి గారు తిట్టింది తనని జైల్లో పెట్టగలిగినవాడిని. హామ్సన్ పొగిడింది తన ఊరివాళ్ళని జైల్లో పెడుతున్నవాడిని. మాట ఎవరి మీద పడుతోంది అన్నది చూడాలి.

ఇంకో సంగతి, కవి రాజకీయం అంటే నినాదమే అవ్వాలని లేదు. తెలంగాణలో తెలుగు కవులు లేరు అన్నట్టు ఎవరో రాస్తే సురవరం ప్రతాపరెడ్డి గారు తిట్టుకి తిట్టు రాయలేదు. ఊళ్ళకి ఉత్తరాలు రాసి, పద్యాలు తెప్పించి, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక అచ్చేశారు. నాకైతే మన భాషలో వచ్చిన అతి గట్టి రాజకీయ జవాబుల్లో అదొకటి.

పాత అట్ట పుస్తకం
అక్కడే టాగోర్‌ని తీసుకురావాలి. 1919లో జలియన్‌వాలా బాగ్ తర్వాత వైస్రాయ్‌కి ఉత్తరం రాసి సర్ బిరుదు వద్దన్నాడు, అది అందరికీ తెలుసు, ఫొటోల కింద తిరిగేదీ అదే. ఎక్కువమందికి తెలియనివి రెండున్నాయి.

1926లో ఆయన ఇటలీ వెళ్ళాడు, ముస్సోలినీ ప్రభుత్వ అతిథిగా. అక్కడ రాజమర్యాదలు చూసి మంచి మాటలే మాట్లాడాడు, ఇటలీ పత్రికలు వాటిని ఇంకా పెంచి వేసుకున్నాయి. తర్వాత స్విట్జర్లాండ్‌లో ఫ్రెంచ్ రచయిత రొమా రోలా, ఇటలీనుంచి పారిపోయి వచ్చినవాళ్ళు అక్కడ నిజంగా ఏం జరుగుతోందో చెప్పారు. ఆగస్టులో మాంచెస్టర్ గార్డియన్ పత్రికలో ఉత్తరం అచ్చు వేయించాడు, ఫాసిజాన్ని తాను సమర్థించలేనని. నోబెల్ వచ్చిన మనిషి, 65 ఏళ్ళ వయసులో, ప్రపంచం ముందు మాట మార్చుకున్నాడు!

రెండోది 1934 జనవరి బీహార్ భూకంపం. అంటరానితనం అనే పాపానికి దేవుడు వేసిన శిక్ష ఇది అని గాంధీ అన్నారు. గాంధీ ఉద్దేశం మంచిదే, అంటరానితనం పోవాలని తిరుగుతున్నారు. కానీ టాగోర్ ఒప్పుకోలేదు. భూకంపానికి కారణం భూమిలోనే వెతకాలి, ప్రకృతి ఘటనని నీతితో ముడిపెట్టి జనంలో మూఢత్వం పెంచొద్దు అని రాశాడు. ఆ విమర్శని గాంధీ తన హరిజన్ పత్రికలోనే అచ్చేసి, కింద తన జవాబు రాశారు. కవి సైన్స్ పక్షాన నిలబడ్డాడు, అదీ తను ఎంతో గౌరవించే మనిషి మీద, ఆ మనిషి నడుపుతున్న మంచి ఉద్యమం మధ్యలో. ఎదుటివాళ్ళని అనడం తేలిక, మనవాళ్ళని అనడం ఎంత కష్టమో ఈ గ్రూపుల్లో రోజూ చూస్తున్నాం.

గడ్డి పరక
బయాలజీ చెప్తాను నేను. మీరందరూ సైంటిస్టులు రాజకీయాల్లోకి రావాలా వద్దా అంటున్నారు, రాజకీయమే సైన్స్‌లోకి వస్తే? సోవియట్ రష్యా సైంటిస్టు వావిలోవ్ కథ అందరూ చదవాలి. ప్రపంచమంతా తిరిగి పంటల విత్తనాలు పోగేసిన మనిషి. లైసెంకో అనేవాడు జన్యుశాస్త్రం అంతా బూర్జువా అబద్ధం, గోధుమని చలికి అలవాటు చేస్తే దాని గుణమే మారిపోతుంది, పంటలు పెరుగుతాయి అన్నాడు. స్టాలిన్‌కి ఆ మాట నచ్చింది. వావిలోవ్ తలొంచలేదు. 1940 ఆగస్టులో విత్తనాలు సేకరిస్తున్నచోటే అరెస్టు చేశారు. 1943 జనవరిలో సరాతోవ్ జైల్లో చనిపోయాడు. ఆకలితో చిక్కిపోయి. కరువులు లేకుండా చెయ్యాలని బతుకంతా తిరిగిన మనిషి.

ఆయన జైల్లో ఉండగానే లెనిన్‌గ్రాడ్‌ని జర్మన్లు ముట్టడించారు, ఆ ముట్టడి 872 రోజులు సాగింది. ఆయన సంస్థలో విత్తనాల సంచులు అలాగే ఉన్నాయి, బియ్యం, గోధుమ, వేరుశనగ. అక్కడి ఉద్యోగులు వాటిని తినలేదు. బియ్యం విత్తనాలు చూసుకునే ఆయన చుట్టూ బియ్యం సంచులుండగా ఆకలితో చనిపోయాడు. క్లాసులో ఇది చెప్తుంటే పిల్లలు చప్పుడు చెయ్యరు. వాళ్ళు ఏ ప్రకటన మీదా సంతకం పెట్టలేదు, ఏ వేదికా ఎక్కలేదు. అదీ రాజకీయమే అంటాను నేను, ఒప్పుకుంటారో లేదో మీ ఇష్టం.

కిటికీ పక్క సీటు
గడ్డి పరక గారూ... ఇది చదివాక కాసేపు ఏం టైప్ చెయ్యలేకపోయా.

లెక్కల మాస్టారు
జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్ కథ కూడా ఇక్కడ చెప్పుకోవాలి. గాల్లోని నైట్రోజన్‌తో అమోనియా చేసే పద్ధతి కనిపెట్టాడు, ఇవాళ ప్రపంచం తినే తిండిలో పెద్ద భాగం దానివల్లే పండుతోంది. అదే మనిషి మొదటి యుద్ధంలో దేశం కోసం అని 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర దగ్గర క్లోరిన్ గ్యాస్ దగ్గరుండి వదిలించాడు. పది రోజులకి భార్య క్లారా, ఆమె కూడా కెమిస్టే, ఆయన తుపాకీతోనే కాల్చుకుని చనిపోయింది. అంత సేవ చేసిన దేశం 1933లో యూదు ఉద్యోగుల్ని తీసెయ్యమంటే చెయ్యలేక రాజీనామా ఇచ్చి వెళ్ళిపోయాడు, మరుసటి జనవరిలో పరాయి దేశంలో పోయాడు. ఏడాది తర్వాత జర్మనీ పెద్ద ఫిజిక్స్ సైంటిస్టు మాక్స్ ప్లాంక్ ఆయనకి సంతాపసభ పెట్టాడు. వెళ్ళొద్దని ప్రభుత్వం ప్రొఫెసర్లకి ఆర్డర్ వేసినా సభ జరిగింది. రాలేకపోయిన ప్రొఫెసర్ల బదులు వాళ్ళ భార్యలు వచ్చి కూర్చున్నారు. ప్లాంక్ గొప్ప తిరుగుబాటుదారు కాదు, చాలాచోట్ల తలొంచాడు కూడా. ఆ ఒక్క రోజు మాత్రం వంచలేదు.

ఫాక్ట్ చెక్
ఇక్కడ లైనస్ పాలింగ్‌ని కూడా పెట్టాలి, ఎందుకంటే మనం వెతుకుతున్న గీత ఆయన ఒక్కడి జీవితంలోనే కనపడుతుంది. 1954 కెమిస్ట్రీ నోబెల్. అణుపరీక్షల ధూళిలో ఉండే స్ట్రాన్షియం అనే రేడియోధార్మిక పదార్థం పిల్లల ఎముకల్లో చేరుతుంది, పరీక్షలు ఆపండి అని 1958లో 9,000 మందికి పైగా సైంటిస్టుల సంతకాలు పోగేసి ఐక్యరాజ్యసమితికి ఇచ్చాడు, భార్య ఏవా హెలెన్ ఆ పనిలో సగం మోసింది. అంతకుముందే 1952లో ఆయనకి పాస్‌పోర్టు ఇవ్వకుండా ఆపారు. 1963లో గాల్లో పరీక్షలు ఆపే ఒప్పందం వచ్చింది, శాంతి నోబెల్ కూడా వచ్చింది. తర్వాత అదే పాలింగ్ విటమిన్ సి ఎక్కువ మోతాదులో తీసుకుంటే జలుబు రాదు, క్యాన్సర్‌కి కూడా పనిచేస్తుంది అని అంతే నమ్మకంతో చెప్పాడు. పరీక్షల్లో అది నిలబడలేదు. రెండుసార్లూ గొంతు ఒకటే, పేరు ఒకటే. మొదటిదానికి లెక్కలున్నాయి, రెండోదానికి పేరుంది.

రాత్రి డ్యూటీ
వాహ్. "మొదటిదానికి లెక్కలున్నాయి రెండోదానికి పేరుంది", ఇది రాసి పెట్టుకుంటా.

గడ్డి పరక
మన మేఘనాద్ సాహాని మర్చిపోతే ఎలా? చిన్నప్పుడు గవర్నర్ రాకని బహిష్కరించాడని స్కూల్లోంచి తీసేశారు. నక్షత్రాల వెలుగు చూసి అక్కడి వేడి, అక్కడి పదార్థం స్థితి తెలుసుకునే సమీకరణం 1920లో ఇచ్చాడు, ఇప్పటికీ అది లేకుండా ఖగోళశాస్త్రం లేదు. వరదలు చూసి పెరిగినవాడు, దామోదర్ నది మీద ఏం చెయ్యాలో ఏళ్ళ తరబడి రాశాడు. 1952లో స్వతంత్రుడిగా కలకత్తా నుంచి లోక్‌సభకి గెలిచి నదులు, పరిశ్రమలు, అణుశక్తి, క్యాలెండర్ గురించి మాట్లాడాడు. బయటినుంచి సలహా ఇచ్చి ఊరుకోలేదు, ఓటు అడిగి, ఓట్లేసినవాళ్ళకి జవాబు చెప్పే చోట కూర్చున్నాడు.

బొగ్గు గీత
ఒక్కటి చెప్పి ఆపేస్తా, నాకు సఖారోవ్ దగ్గర ఎప్పుడూ కళ్ళు తడుస్తాయి. రష్యా హైడ్రోజన్ బాంబు చేసినవాళ్ళలో ముఖ్యుడు. తర్వాత తను చేసిందాని ఫలితం ఏంటో తెలిసి మాట్లాడ్డం మొదలుపెట్టాడు, 1980లో గోర్కీ ఊరికి పంపేసి ఇంట్లో పెట్టి కాపలా పెట్టారు. దాదాపు ఏడేళ్ళు. 1986 డిసెంబర్‌లో ఒక రాత్రి ఎలక్ట్రీషియన్లు వచ్చి ఫోన్ పెట్టి వెళ్ళారు, ఎందుకో చెప్పలేదు. మర్నాడు సోవియట్ నాయకుడు గోర్బచేవ్ ఫోన్ చేశాడు, మీరు మాస్కో తిరిగి రావచ్చు అని. సఖారోవ్ థాంక్స్ చెప్పి వెంటనే అడిగింది తన గురించి కాదు. జైల్లో ఈమధ్యే చనిపోయిన మార్చెంకో అనే తన స్నేహితుడి గురించి, ఇంకా లోపల ఉన్న ఖైదీల గురించి. ఏడేళ్ళ తర్వాత మోగిన మొదటి ఫోన్‌లో!

వేపచెట్టు నీడ
మూడు రోజులుగా మీ పోస్టులు పదే పదే చదువుతున్నా. అందరికీ పేరుపేరునా థాంక్స్. ఇందాకే మా తమ్ముడికి రాశాను. "నేను పంపిన మాట ఐన్‌స్టీన్ ఎక్కడా రాసినట్టు నాకు దొరకలేదు, వెనక్కి తీసుకుంటున్నా. ఆయన నిజంగా రాసింది ఒకటి చెప్తా విను" అని 1952 ఉత్తరం సంగతి చెప్పాను, అధ్యక్ష పదవి ఎందుకు వద్దన్నాడో. వాడు పది నిమిషాలు జవాబివ్వలేదు. తర్వాత, "మరి మనుషులతో వ్యవహరించడం రాదు అన్నవాడు రసెల్ ప్రకటన మీద సంతకం ఎందుకు పెట్టాడు అన్నయ్యా?" అని అడిగాడు. నేను చెప్పకుండానే వాడికి ఆ సంగతి తెలుసు. రేపు ఆదివారం ఇంటికి వస్తానన్నాడు, ఈ చర్చ మొత్తం చదివి రమ్మని లింక్ పంపించాను.